సొరుగు ఆగే చోటు

ఏసన్న మోటారును చూడడు, వింటాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను మోటారు ఒంటికి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి, కళ్లు మూసుకుంటాడు. బేరింగు అరిగిందో, లోపల ఏదైనా వదులైందో ఆ పిడే అతనికి చెబుతుంది. ఆదోనిలో పత్తి నుంచి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లులో కరెంటు పనివాడిగా చేరి, తల నెరిసేదాకా అతను చేసిన పని అది. మిల్లు మూతపడ్డాక మిగతా సామాను గూట్లోకి పోయింది గాని, స్క్రూడ్రైవరు మాత్రం చొక్కా జేబులోనే ఉండిపోయింది. దాన్ని ఆనించడానికే మోటారు లేదు.

మిల్లు రోదలో పనిచేసినవాళ్లు ఇంట్లో కూడా గట్టిగానే మాట్లాడతారు. భార్య ముత్తమ్మ ఉన్నన్నాళ్లూ "నేనేమన్నా చెవిటిదాన్నా, రోంత మెల్లగా సెప్పు" అని కసిరేది. పిల్లలు లేరు. ఆమె పోయాక కసిరేవాళ్లూ లేరు, గట్టిగా చెప్పాల్సిన మాటలూ లేవు. ఆదివారం చర్చిలో పాట అందుకున్నప్పుడు తన గొంతు తనకే కొత్తగా వినిపించేది. పత్తి కాలంలో ఊరి అవతలి మిల్లుల మోత సన్నగా ఇంట్లోకి వచ్చేది. ఏ మిల్లులో ఎన్ని జిన్నులు తిరుగుతున్నాయో మంచం మీద కూర్చునే చెప్పగలడు. అడిగేవాళ్లే లేరు.

అలాంటి రోజుల్లో హులిగమ్మ ఫ్యాను బాగుచేయమని కబురు పెట్టింది.

హులిగమ్మది మార్కెట్టు యార్డుకు పోయే సందులో దారాల అంగడి. టైలర్లకు కావలసిన దారాలు, గుండీలు, జిప్పులు, లేసులు అమ్ముతుంది. ఒకప్పుడు ఆమే జాకెట్లు కుట్టేది. పెళ్లి జాకెట్టంటే పెద్దకడుబూరు నుంచి కూడా ఆమెను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. తర్వాత కీళ్లవాతం వచ్చి వేళ్లను లోపలికి ముడిచేసింది. ముందు సూదిలో దారం ఎక్కించడం పోయింది, తర్వాత కత్తెర పట్టడం పోయింది. మొగుడు బతికున్నప్పుడు చేయించిన టేకు బీరువాను అడ్డం పెట్టుకుని, మిషను కుట్టడం మానేసి దారాలు అమ్మడం మొదలుపెట్టింది. ఆ బీరువాకు ఎనిమిది సొరుగులు. ఒక్కొక్క సొరుగు నిండా దారపు ఉండలు. రానురాను ఆ సొరుగు పిడి పట్టి లాగడం కూడా ఆమె చేతుల్లోంచి జారిపోయింది.

ఫ్యాను పని గంటలో అయిపోయింది. ఏసన్న స్టూలు దిగుతుంటే హులిగమ్మ అంది.

"ఏసన్నా, ఎట్లాగూ ఆడనే ఉండావు. రోంత ఆ రెండో సొరుగు లాగు. వక్క రంగు దారం తీయల్ల."

అతను లాగాడు. సొరుగు బరువుగా, కీచుమంటూ వచ్చింది. దారం కొన్న మనిషి పోయేసరికి ఇంకొకరు వచ్చారు. ఇంకో సొరుగు లాగాడు. మధ్యాహ్నం దాకా లాగుతూనే ఉన్నాడు. మర్నాడు ఫ్యాను ఎలా తిరుగుతోందో చూసిపోదామని వచ్చాడు. దాని మర్నాడు ఫ్యాను పేరు ఎత్తలేదు, ఆమె అడగలేదు.

అలా అతనికి మళ్లీ ఒక డ్యూటీ దొరికింది. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మిల్లుకు పోయినట్టే వెళ్లేవాడు. బీరువా పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. హులిగమ్మ రంగు చెప్తుంది, అతను సొరుగు లాగుతాడు. నెమలికంఠం ఏదో, సిమెంటు రంగు ఏదో, ఒకేలా కనిపించే తెలుపుల్లో తేడా ఏమిటో నేర్చుకున్నాడు. గిరాకీ లేనప్పుడు ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు. ఆమె వీధిలోకి చూస్తూ ఉండేది, అతను ఆమె చూస్తున్న వైపే చూస్తూ ఉండేవాడు. టీ వస్తే ఆమె గ్లాసును రెండు మణికట్ల మధ్య పట్టుకునేదాకా ఆగి, అప్పుడు తనది అందుకునేవాడు.

ఎదురుగా ఆటో నిలుపుకునే బజారి అనే డ్రైవరుకు నోరు ఊరుకునేది కాదు. "ఏమి ఏసన్నా, ఇది ఏ షిఫ్టు? ఓవర్‌టైము ఇస్తాందా హులిగత్త?"

"నీకేమప్పా, కుళ్లా?" అనేది హులిగమ్మ. "వచ్చి నువ్వూ ఒక సొరుగు లాగు, తెలుస్తది."

అంతా అలాగే సాగేదేమో. నడుమ ఏసన్నకు జ్వరం వచ్చింది. లేచి తిరగగలిగిన రోజు అంగడికి వస్తే బీరువా దగ్గర హులిగమ్మ నిలబడి ఉంది, సొరుగులన్నీ సగం సగం తెరిచి ఉన్నాయి. ఎవరికి కావలసింది వాళ్లు చేతులు పెట్టి తీసుకుపోయారు. ఎరుపుల్లో పచ్చలు కలిశాయి, జిప్పులు దారాల్లో చిక్కుకున్నాయి.

"జ్వరమమ్మా," అన్నాడు అతను.

"నిన్నేమన్నా అంటాండానా? నన్ను నేననుకుంటాండా." ఆమె గల్లా వెనక్కి వచ్చి కూర్చుంది. "ఒక మనిషి రాకపోతే కట్టేసుకునేదైతే ఇది నా అంగడెట్లైతుంది, సెప్పు?"

అతను సొరుగులు ఒక్కొక్కటే లోపలికి నెడుతూ పోయాడు.

"అంతంత జిన్నులు తిప్పినోడివి," అంది ఆమె కాసేపటికి. "ఈ సొరుగును తిప్పల్యావా? ఒక బటను నొక్కితే రావల్ల, ఒకటి నొక్కితే పోవల్ల. వేళ్లు పనిచేయకపోతే ఏమి, అరచేత్తో గుద్దుతా."

కాదని చెప్పడానికి ఒక్క మాట చాలు. కరెంటు సంగతి తెలియని మనిషి, ఏం చెప్పినా నమ్ముతుంది. కాని మోటారుతో కాదు అనే మాట ఏసన్న నోటికి ఏనాడూ అలవాటు లేదు.

"ఎందుకు కాదు, అయితాది," అన్నాడు.

అన్న తర్వాత స్టూలు మీద కూర్చున్నాడు. చాలాసేపు లేవలేదు.

ఎమ్మిగనూరులో నాగేష్ అని పాత మిల్లు మనిషి ఒకడు దెబ్బతిన్న కార్ల సామాను అమ్ముతాడు. ఏసన్న బస్సెక్కి అక్కడికి పోయాడు. కారు అద్దాలను పైకీ కిందికీ నడిపే చిన్న మోటార్లు ఎనిమిది కావాలన్నాడు.

"ఎనిమిదా?" అన్నాడు నాగేష్. "రెండు కార్లు కొన్నావేమి ఏసన్నా?"

"కార్లకు కాదప్పా. సొరుగులకు."

"సొరుగులకు మోటార్లా! లోపల ఏం పెడ్తాండావు? జొన్నగిరిలో నీకేమన్నా బంగారం దొరికిందా?"

"దారాలు."

నాగేష్ నవ్వబోయి అతని మొహం చూసి ఆగాడు. మోటార్లు వెతికి ఇచ్చాడు. మూలన ఒక గోనెసంచిలో పాత మిల్లు ప్యానెలు నుంచి ఊడదీసిన బటన్లు ఉన్నాయి. పుట్టగొడుగుల్లా లావుగా, అరచెయ్యంత ఉన్నవి. పచ్చవి, నల్లవి, ఎర్రవి. ఒక పచ్చ బటను అంచు విరిగి ఉంది. అది తన మిల్లుదే, మూడో జిన్నుది. అతను దాన్ని బొటనవేలితో తుడిచి, కావలసిన మిగతా బటన్లతో పాటు సంచిలో వేసుకున్నాడు.

ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. పోయినప్పుడు సొరుగు ఆగకూడదంటే బ్యాటరీ ఉండాలి. ఆదోనికి తిరిగొచ్చి బ్యాటరీల అంగడికి పోతే అంగడివాడు రెండు రకాలు చూపించాడు. ఒకటి సీలు వేసింది, తెచ్చిపెట్టి మరిచిపోవచ్చు. ఇంకొకటి పాత రకం. పైన మూతలు ఉంటాయి. నెలనెలా మూతలు తీసి, లోపల తగ్గిన మేరకు డిస్టిల్డు వాటరు పోయాలి.

"ఇప్పుడు దీన్ని ఎవరు అడుగుతారప్పా," అన్నాడు అంగడివాడు. "మూత తీసి నీళ్లు పోసే తీరిక ఎవరికుంది?"

ఏసన్న పాత రకమే ఇమ్మన్నాడు.

హులిగమ్మ బ్యాటరీని చూసి, "ఈ మూతలేంటికి?" అని అడిగింది.

"నెలకొకసారి నీళ్లు పోయల్ల."

"ఎవరు పోసేది?"

"నేనొస్తాలే."

ఆమె తలాడించింది. కరెంటు విషయంలో అతని మాట మీద ఆమె ఎప్పుడూ మాట వేయలేదు.

పని మొదలుపెట్టాడు. బీరువా వెనక చెక్క ఊడదీసి, సొరుగు వెనక మోటారు బిగించాడు. దాని చక్రానికి సైకిలు బ్రేకు తీగను చుట్టి, రెండు కొసలూ సొరుగుకు కట్టాడు. చక్రం ఒకవైపు తిరిగితే తీగ సొరుగును ముందుకు లాగుతుంది, రెండో వైపు తిరిగితే వెనక్కి. ఆ మోటారుకు ఉన్నవి రెండే తీగలు. ఒకదానికి ప్లస్సు, ఒకదానికి మైనస్సు ఇస్తే ఒక దిక్కు తిరుగుతుంది. తారుమారు చేస్తే ఎదురు దిక్కు తిరుగుతుంది. ఆ తారుమారు చేసే పని రెండు రిలేలకు అప్పగించాడు. రిలే అంటే అగ్గిపెట్టె కన్నా చిన్న డబ్బా. బటను నొక్కగానే టక్కుమని పట్టుకుంటుంది, చెయ్యి తీసేసినా వదలదు. మిల్లులో నేర్చిన పద్ధతే. పచ్చది నొక్కితే సొరుగు రావాలి, నల్లది నొక్కితే పోవాలి, ఎర్రది నొక్కితే ఎక్కడిదక్కడ ఆగాలి.

మొదటి సొరుగుకు బిగించి తానే నొక్కి చూశాడు. సొరుగు వచ్చింది, కావలసినంత రాగానే ఎర్రది నొక్కాడు, ఆగింది. నల్లది నొక్కాడు, పోయింది. హులిగమ్మ పిల్లలా రెండు చేతులూ ఎత్తి గల్లా మీద ఆనించింది.

"నువ్వు పోయి టీ తాగి రా. నేనే చూసుకుంటా," అంది.

అతను టీ అంగడి దగ్గర గ్లాసు అందుకుంటుండగా పెద్ద చప్పుడైంది. జ్యోత్స్న అనే టైలరమ్మ పసుపు దారం అడిగిందట. హులిగమ్మ పచ్చ బటనును అరచేత్తో గుద్ది, ఆమెతో మాట్లాడుతూనే ఉంది. సొరుగు వచ్చింది, వస్తూనే ఉంది. హులిగమ్మ చెయ్యి ఎత్తి ఎర్ర బటను దాకా తెచ్చేలోపల సొరుగు పట్టాలు దాటి, ముందుకు వాలి, దబ్బున పడింది. దారపు ఉండలు మెట్టు దిగి వీధిలోకి దొర్లాయి. ఒకటి బజారి ఆటో చక్రం కింద ఆగింది.

"హులిగత్తా," అన్నాడు బజారి దాన్ని తీసి ఊదుతూ, "నీ దారాలు ఊరేగింపు పోతాండాయి."

"ఊరేగింపేమి, ఊరే ఇడిసిపోతాండాయి," అంది హులిగమ్మ. నవ్వుతూనే అంది గాని, పడిన సొరుగును ఎత్తలేక దాని పక్కన అలాగే నిలబడి ఉంది. ఏసన్న వచ్చాక అతని వైపు చూసింది. "నేను ఆపే లోపలే పాయె ఏసన్నా. నా చెయ్యి అంత బిర్నా పోదు."

అతను ఉండలు ఏరుతూ తప్పు ఎక్కడుందో చూసుకున్నాడు. జిన్ను మోటారును పొద్దున నొక్కితే, మనిషి ఆపేదాకా తిరగాలి. అక్కడ ఎర్ర బటను దగ్గర ఎప్పుడూ ఒక చెయ్యి ఉంటుంది. ఆ చెయ్యి ఉంటుందనే లెక్క మీదనే అతను బతుకంతా వైరింగు చేశాడు. ఈ అంగట్లో లేనిదే ఆ చెయ్యి. ఇన్నాళ్లూ అక్కడ ఉన్నది తన చెయ్యి.

మిల్లులోనే ఇంకో యంత్రం ఉండేది, పత్తిని నొక్కి బేళ్లు కట్టే ప్రెస్సు. దాన్ని ఆపడానికి మనిషి అక్కర్లేదు. నొక్కే పలక చివరికి వచ్చి ఒక చిన్న మీటకు తగులుతుంది, మీట కరెంటు తెంపుతుంది, పలక తనంతట తానే ఆగుతుంది. సొరుగును తాను జిన్ను అనుకున్నాడు. అది ప్రెస్సు.

రెండు చిన్న మీట స్విచ్చులు తెచ్చాడు. ఒకటి సొరుగు వచ్చి ఆగాల్సిన చోట, ఒకటి పోయి ఆగాల్సిన చోట. మొదటి మీటను చెక్కకు ఆనించి, స్క్రూ పెట్టి, తిప్పకుండా అలాగే కూర్చున్నాడు. ఎర్ర బటనుతోనే వదిలేస్తే రోజూ ఎవరో ఒకరు పక్కన ఉండాల్సిందే. వెనక నుంచి హులిగమ్మ ఉండలను రంగుల వారీగా మోచేత్తో జరుపుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. అతను స్క్రూ తిప్పాడు.

ఈసారి సొరుగు వచ్చి, టిక్కుమని ఆగింది. హులిగమ్మ నల్లదాన్ని గుద్దింది. సొరుగు లోపలికి పోయి టిక్కుమంది. ఆమె మళ్లీ రప్పించింది, మళ్లీ పంపించింది. గిరాకీ వచ్చి నిలబడినా ఆపలేదు.

మిగిలిన సొరుగులకు అతను కావలసినదానికన్నా ఎక్కువ పొద్దు పుచ్చాడు. బిగించిన తీగను ఊడదీసి మళ్లీ బిగించేవాడు. కనబడని చోట కూడా వైర్లను తిన్నగా పరిచి దారంతో కట్టేవాడు.

"ఏమన్నా," అన్నాడు బజారి, "బీరువాకు వైరింగు చేస్తాండావా, ఊరంతటికీ చేస్తాండావా?"

ఎంత సాగదీసినా ఎనిమిది సొరుగులే. చివరిదానికి అంచు విరిగిన పచ్చ బటను పెట్టి వెనక చెక్క మూసేశాడు. హులిగమ్మ స్వీట్లు తెప్పించింది. బజారికీ, చుట్టుపక్కల అంగళ్లకూ పంచింది. ఏసన్న చేతిలో మాత్రం తానే పెట్టాలని ఒక మైసూరుపాకు ముక్కను రెండు మణికట్ల మధ్య ఎత్తిపట్టుకుని తెచ్చింది. అది విరక్కుండా అతను రెండు చేతులూ చాచి అందుకున్నాడు.

మర్నాడు అలవాటు ప్రకారం వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఎవరో నీలం దారం అడిగారు. అతను లేవబోయాడు. అప్పటికే మూడో సొరుగు కదిలింది.

"రోంత జరుగు ఏసన్నా," అంది హులిగమ్మ. "సొరుగొస్తాంది."

అతను మోకాళ్లు పక్కకు తిప్పుకున్నాడు. సొరుగు అతని ముందు నుంచి వచ్చి, ఆగాల్సిన చోట ఆగింది. మధ్యాహ్నం దాకా నాలుగైదు సార్లు అలాగే జరిగాడు. ఆ తర్వాత స్టూలు తీసి గోడ వారకు వేసుకున్నాడు. అక్కడ నుంచి వీధి తిన్నగా కనిపించదు. ఆమె చూసే వైపు చూడాలంటే మెడ తిప్పాలి.

రెండు మూడు పూటలు అలా కూర్చున్నాడు. వచ్చినవాళ్లు సొరుగులను చూసి ఆశ్చర్యపోయేవాళ్లు. "ఈయనే చేసినాడు," అని హులిగమ్మ గర్వంగా చూపించేది. వాళ్లు అతన్ని కూడా సొరుగును చూసినట్టే ఒకసారి చూసి, దారం తీసుకుని పోయేవాళ్లు. ఒక పూట పోలేదు. మర్నాడు పోతే, నిన్నెందుకు రాలేదని ఆమె అడగలేదు. అడగాల్సిన అవసరం ఆమెకు లేకుండా చేసింది తానే. ఆ తర్వాత పోవడం మానేశాడు.

ఒక పగలు ఇంట్లో ఉండగా ఫ్యాను ఆగిపోయింది. పక్కింటి టీవీ కూడా ఆగింది. కరెంటు పోయింది. అతను గబుక్కున లేచి చెప్పులు వేసుకుని, తలుపు గొళ్లెం మీద చెయ్యి వేశాడు. బీరువా వెనక బ్యాటరీ గుర్తుకొచ్చింది. కరెంటు ఉన్నా లేకపోయినా సొరుగు నడుస్తుంది. చెప్పులు విప్పి, ఫ్యాను తిరిగేదాకా మంచం మీద కూర్చున్నాడు.

నెల తిరిగింది. ఆ పొద్దు కోసం అతను ఎదురుచూడలేదని చెప్పడానికి లేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, దారిలో డిస్టిల్డు వాటరు సీసా కొని, ఎండెక్కక ముందే అంగడికి చేరాడు. స్టూలు లోపల లేదు. బయట మెట్టు పక్కన వేసుకుని బజారి దాని మీద కూర్చున్నాడు.

"రా ఏసన్నా, ఏమి నల్లపూసైతివి," అంది హులిగమ్మ. మొహం నిజంగానే వెలిగింది. "బాగుండావా? చిక్కినావే."

"బాగుండా. నీళ్లు పోసిపోదామని."

వెనక్కి పోయి, మోకాళ్ల మీద కూర్చుని, మూతలను రూపాయి బిళ్లతో ఒక్కొక్కటే తిప్పి తీశాడు. లోపలికి తొంగిచూశాడు. నీళ్లు నిండుగా ఉన్నాయి, గీత దాకా, అన్నింటిలోనూ.

"మరిచితిని సెప్పేది," అంది ఆమె గల్లా దగ్గర నుంచే. "మొన్న బజారి తన ఆటో బ్యాటరీకి పోసుకుంటాంటే దీనికీ పోయించినా. ఇంత దానికి నిన్ను ఊరి ఆ కొస నుంచి తిప్పేదెందుకు అని."

బయట నుంచి బజారి కేకేశాడు. "ఒక్క సొట్టు నీళ్లు కింద పడకుండా పోసినా ఏసన్నా, నీ మాదిరే."

ఏసన్న మూతలు తిరిగి బిగించాడు. లేవలేదు. జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, మొదటి మోటారుకు ఆనించి, పిడిని చెవి వెనక పెట్టుకున్నాడు. "ఒకసారి నొక్కు," అన్నాడు. ఆమె నొక్కింది. విన్నాడు. "ఇంకోటి." అలా ఎనిమిదీ విన్నాడు. ఒక్కదానిలోనూ ఏ దోషమూ లేదు. ఆమె నొక్కుతూ పోయింది, అతను వింటూ పోయాడు. కాసేపు అంగట్లో వాళ్లిద్దరూ ఒకే పని మీద ఉన్నారు.

చివరి సొరుగు టిక్కుమన్నాక లేచి ముందుకు వచ్చాడు. చేతిలో సీసా అలాగే ఉంది, మూత కూడా తీయలేదు.

"వచ్చే నెల నేనే పోస్తా," అన్నాడు. గొంతు మిల్లులో మాదిరి గట్టిగా వచ్చింది. వీధిలో పోయే మనిషి తిరిగి చూశాడు. అతను గొంతు తగ్గించాడు. "బజారికి సెప్పొద్దు."

హులిగమ్మ సీసాను చూసింది. ఇస్త్రీ చొక్కాను చూసింది.

"సరే, నువ్వే పొయ్యి," అంది. అంచు విరిగిన పచ్చ బటను మీద అరచెయ్యి ఆనించింది. కింది సొరుగు వచ్చి ఆగింది. "సీసా ఈడ పెట్టిపో. లేకుంటే మల్ల ఇంకోటి కొనుక్కొచ్చేవు."

అతను తెల్లదారాల పక్కన సీసాను నిలబెట్టాడు, పడిపోకుండా రెండు ఉండలు అటూ ఇటూ ఆనించాడు. ఆమె నల్లదాన్ని నొక్కింది. సొరుగు లోపలికి పోయి టిక్కుమనేదాకా ఆగి, ఏసన్న మెట్టు దిగాడు. మార్కెట్టు యార్డు వైపు పోయే పత్తి లారీ ఒకటి సందు మొదట్లో అడ్డంగా నిలిచి ఉంది. అది కదిలేదాకా ఒక పక్కన నిలబడి, ఆ తర్వాత ఇంటి దారి పట్టాడు.